పాలు ఎవరివి, పగ్గం ఎవరిది?

(వర్గీస్ కురియన్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



వర్గీస్ కురియన్ అనగానే మన నోట వచ్చే బిరుదు ‘క్షీర విప్లవ పితామహుడు’. ఆ బిరుదులో గౌరవం ఉంది, చిన్న పొరపాటూ ఉంది. పితామహుడంటే పాలు ఆయన తెచ్చినట్టూ, రైతులు చేతులు చాచి పుచ్చుకున్నట్టూ అనిపిస్తుంది. నిజానికి కురియన్ 1949 మే నెలలో ఆణంద్ చేరేనాటికే అక్కడి రైతుల సహకార సంఘం పుట్టి రెండేళ్లు దాటింది. సంఘాన్ని ఆయన పుట్టించలేదు, సంఘమే ఆయన్ని కొలువులో పెట్టుకుంది. తాను రైతుల దగ్గర జీతానికి పనిచేసే మనిషినని ఆయన చివరిదాకా చెప్పుకున్నారు. ఇవాళ సామాజిక వ్యాపారం, సోషల్ స్టార్టప్ అన్న మాటలు విన్నప్పుడు మన కళ్ల ముందు నిలిచే బొమ్మ దీనికి పూర్తిగా తలకిందులు. అందులో మొదట ఒక మేధావి ఉంటాడు. ఆయనకు ఒక ఆలోచన తడుతుంది, దానికి పెట్టుబడి దొరుకుతుంది, పేదలు అన్నిటికన్నా చివర లబ్ధిదారులుగా వస్తారు. ఈ రెండు బొమ్మల్లో ఏది నిలబడింది, ఎందుకు నిలబడిందన్నదే ఈ ఉపన్యాసంలో నేను విచారించదలచిన సంగతి. నా వాదన ఒక్క ముక్కలో ఇది: అభివృద్ధి కోసం చేసే ఏ కొత్త కల్పనకైనా బతుకునిచ్చేది దాని పనిముట్టు కాదు, దాని పెట్టుబడి కాదు. ఆ పని ఎవరి పేరు చెప్పి సాగుతున్నదో వారి చేతిలో దాని పగ్గం ఉందా లేదా అన్నదే దాని బాగోగులను తేలుస్తుంది.

ముందుగా గుజరాత్‌లో అప్పట్లో ఆణంద్ ఉన్న ఖేడా జిల్లా సంగతి చూద్దాం. 1940ల్లో ఆ జిల్లా పాలు బొంబాయికి పోయేవి. వాటిని కొనే హక్కు పోల్సన్ అనే ఒకే డెయిరీ చేతిలో ఉండేది. ఆ డెయిరీ, దాని దళారులు చెప్పిందే ధర. ధాన్యమైతే గాదెలో పోసుకుని మంచి ధర కోసం కొన్నాళ్లు ఆగొచ్చు. తెల్లవారుజామున పితికిన పాలు మధ్యాహ్నానికే విరిగిపోతాయి. పాడిరైతు బేరమాడలేకపోవడానికి మూలం అక్కడే ఉంది. రైతులు సర్దార్ పటేల్‌ను ఆశ్రయిస్తే, మీ పాలు మీరే అమ్ముకునే సంఘం పెట్టుకోండని ఆయన సలహా ఇచ్చారు. 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయ్ సమక్షంలో సభ జరిగింది. ఆపైన పదిహేను రోజుల పాటు రైతులు డెయిరీకి చుక్క పాలు పొయ్యలేదు. ఆ ఏడాది డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల యూనియన్ రిజిస్టరైంది. త్రిభువన్‌దాస్ పటేల్ అధ్యక్షుడు. రెండు ఊళ్ల సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు, అంతే వారి ఆస్తి. యంత్రం లేదు, పెట్టుబడి లేదు, నిపుణుడు ఇంకా రాలేదు. పగ్గం మాత్రం అప్పటికే రైతుల చేతిలో ఉంది.

నిపుణులు వచ్చాక జరిగింది కూడా ఈ వెలుగులోనే చూడాలి. చలికాలంలో గేదెలు ఎక్కువ పాలిస్తాయి. ఆ మిగులును బొంబాయి తీసుకునేది కాదు, రైతు దాన్ని ఏం చేసుకోవాలో తెలియక నష్టపోయేవాడు. మిగిలిన పాలను పొడిగా మార్చి దాచుకోవడమే మార్గం. అయితే గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. కురియన్ సహచరుడు హెచ్.ఎం. దలాయా కుదురుతుందని చేసి చూపించారు. 1955 అక్టోబరు 31న నెహ్రూ ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. దీన్ని సాంకేతిక విజయంగా చెప్పుకోవడం న్యాయమే. కానీ అదే యంత్రం పోల్సన్ చేతికి దొరికి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి. చలికాలపు మిగులు పాలను కారుచౌకగా కొని, పొడి చేసి, ఎండాకాలంలో మంచి ధరకు అమ్ముకునేది. యంత్రం అదే, పొడి అదే. లాభం నడిచే దారి మాత్రం వేరు. ఖేడాలో ఆ లాభం తిరిగి ఊరి పాలకేంద్రానికి చేరిందంటే కారణం యంత్రంలో లేదు, యూనియన్ నియమావళిలో ఉంది. ఒక గేదె ఉన్న ఇంటికీ పది గేదెలున్న ఇంటికీ ఓటు ఒక్కటే. రెండు పూటలా పాలు కొలుస్తారు, వెన్న శాతం చూసి లెక్క కడతారు. ఊరి సంఘాలు జిల్లా యూనియన్‌ను, జిల్లా యూనియన్లు 1973లో ఏర్పడిన రాష్ట్ర సమాఖ్యను నడుపుతాయి. కొత్త కల్పన అంటే నా దృష్టిలో ఈ అమరికే. దలాయా పొడి దానికి అందిన గొప్ప పనిముట్టు.

1970లో మొదలై 1996 దాకా సాగిన ఆపరేషన్ ఫ్లడ్‌లోనూ ఇదే తెలివి కనిపిస్తుంది. ఐరోపా దేశాల దగ్గర అమ్ముడుపోని పాలపొడి, వెన్న నూనె గుట్టలు పడి ఉన్నాయి. వాటిని దానంగా ఇస్తామన్నారు. దానంగా వచ్చిన సరుకు బజారులో చౌకగా పోటెత్తితే ఊరి పాల ధర కుప్పకూలుతుంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఆ సరుకును నగరాల్లో పాలుగా మార్చి అమ్మించి, వచ్చిన డబ్బుతో ఆణంద్ నమూనా సంఘాలను, డెయిరీలను కట్టించింది. దేశంలో ఏటా పాల ఉత్పత్తి 1970 ప్రాంతంలో సుమారు రెండు కోట్ల టన్నులు ఉండగా ఇప్పుడు 23 కోట్ల టన్నులు దాటింది. ఈ పెరుగుదల అంతటినీ సహకార సంఘాల ఖాతాలో రాయడం సబబు కాదు. పశువైద్యం, కృత్రిమ గర్భధారణ, పట్నాల గిరాకీ, ప్రైవేటు డెయిరీలు అన్నిటికీ అందులో పాలు ఉంది. దానంగా వచ్చిన పొడి మీద ఆధారపడటాన్ని తప్పుపట్టిన విమర్శకులూ ఆ రోజుల్లో ఉన్నారు. ఒక్కటి మాత్రం కాదనలేం. గుజరాత్‌లో సుమారు 36 లక్షల కుటుంబాలు ఇవాళ ఒక పెద్ద వ్యాపారానికి ముడిసరుకు పోసేవారు మాత్రమే కాదు, దాని యజమానులు కూడా.

పగ్గం చెయ్యి మారితే ఏమవుతుందో చూడటానికి మనం గుజరాత్ దాకా పోనక్కరలేదు. మన తెలుగు నేలే అందుకు దేశంలోకెల్లా పెద్ద ప్రయోగశాల అయింది. 1992లో నాబార్డ్ 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక పోరాటం నుంచి పుట్టిన కూడిక పొదుపు ఉద్యమంగా మారింది. సారాకు పోయే డబ్బు పొదుపు డబ్బాలో పడింది. పది పదిహేను మంది ఆడవాళ్లు ముందు తమ డబ్బు కూడబెట్టి, తమలో తాము అప్పులిచ్చుకుని, ఆ పుస్తకాలు చూపించి బ్యాంకు అప్పు అడిగారు. వడ్డీ ఎంతో, ఎవరికి ముందో, ఎవరికి వాయిదా ఇవ్వాలో గ్రూపు మీటింగులోనే తేలేది. ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. పుస్తకాలు సరిగా రాయని గ్రూపులున్నాయి, లీడర్ల పెత్తనం ఉంది, పార్టీల జోక్యం ఉంది. అయినా 2010 మార్చి నాటికి దేశంలో దాదాపు 70 లక్షల సంఘాలకు బ్యాంకు పొదుపు ఖాతాలున్నాయి. పల్లె ఆడవాళ్లు కొద్దికొద్దిగా అప్పు తీసుకుని సక్రమంగా తిరిగి కట్టగలరని బ్యాంకులకు రుజువు చేసింది ఈ సంఘాలే.

ఆ రుజువు మీదే సూక్ష్మ రుణ కంపెనీలు తమ మేడ కట్టుకున్నాయి. స్వచ్ఛంద సంస్థలుగా మొదలై, వేగంగా పెరగడానికి పెట్టుబడి కావాలంటూ అవి లాభాపేక్ష గల ఆర్థిక సంస్థలుగా మారాయి. పొదుపు వాటికి అక్కరలేదు, చట్టం ఒప్పుకోదు కూడా. అప్పు ఒక్కటే సరుకు, వారం వారం కిస్తీ వసూలు. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. ఆ లెక్కన వీటి వడ్డీ రెండు రూపాయలు, కొన్నిచోట్ల మూడు రూపాయలు పడేది. అదే రోజుల్లో డ్వాక్రా సంఘాలని పిలిచే ఈ స్వయం సహాయక సంఘాలకు ప్రభుత్వం పావలా వడ్డీ పథకం నడుపుతోంది. అయినా ఆడవాళ్లు వీళ్ల దగ్గర తీసుకున్నారంటే, బ్యాంకు నెలల తరబడి తిప్పే అప్పును వీళ్లు రోజుల్లో గుమ్మంలోకి తెచ్చి ఇవ్వడమే కారణం. ఆ సౌకర్యం విలువను కొట్టిపారేయకూడదు. కానీ ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చి, ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకొకదాని దగ్గర తీసుకునే స్థితి వచ్చింది. 2006లో కృష్ణా జిల్లాలో తలెత్తిన సూక్ష్మ రుణ సంక్షోభం మొదటి హెచ్చరిక, దాన్ని తగినంతగా పట్టించుకోలేదు. 2010 ఆగస్టులో దేశంలోకెల్లా పెద్ద సూక్ష్మ రుణ సంస్థ ఎస్‌కేఎస్ షేరు 985 రూపాయల ధరకు స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. మదుపరులు ఎగబడ్డారు. రెండు నెలలు తిరక్కుండానే, వసూళ్ల వేధింపుల మీద, ఆత్మహత్యల మీద వచ్చిన ఆరోపణల నడుమ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తీలు ఆగిపోయాయి. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి.

ఈ కథలో దుర్మార్గుల కోసం వెతికితే అసలు పాఠం చేజారుతుంది. అందులో పనిచేసిన చాలామంది పేదరికం తగ్గించాలనే వచ్చారు. ఎస్‌కేఎస్ కంపెనీగా మారినప్పుడు సభ్యుల పేరిట ట్రస్టులు పెట్టి వాటికి వాటాలు కూడా ఇచ్చారు. కానీ ఆ ట్రస్టుల ద్వారా ఏ పల్లె మహిళా వడ్డీ రేటును నిర్ణయించలేదు, వసూలు పద్ధతిని మార్చలేదు. పేరు ఉంది, పగ్గం లేదు. కంపెనీ జవాబు చెప్పాల్సింది ఏటా రెట్టింపు వృద్ధి ఆశించే మదుపరికి. అలాంటి సంస్థలో మంచి మనిషి ఉన్నా చెడ్డ మనిషి ఉన్నా నడక ఒక్కటే అవుతుంది. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకులో అధిక వాటా అప్పు తీసుకునేవారిదే కావడమూ, దాని స్థాపకుడు మహమ్మద్ యూనస్ ఎస్‌కేఎస్ షేర్ల అమ్మకాన్ని బాహాటంగా విమర్శించడమూ ఇక్కడ గుర్తు చేసుకోదగ్గవి. ఇంకొక సంగతి. అప్పు దానంతటదే పేదరికాన్ని తుడిచేస్తుందన్న నమ్మకం కూడా నిలవలేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో జరిపిన అధ్యయనంలో సూక్ష్మ రుణాల వల్ల కొందరి చిన్న వ్యాపారాలు పెరిగాయని తేలింది కానీ, ఇళ్ల ఖర్చులోనూ, పిల్లల చదువులోనూ, ఆడవాళ్ల మాట చెల్లుబాటులోనూ చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఆర్డినెన్స్‌తో అప్పు ఆగిపోతే నష్టపోయిందీ పేదలే కదా? అవును. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని లెక్కలతో చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించేశాయి. ఆయా జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయి. ఈ సాక్ష్యాన్ని దాచిపెట్టి నా వాదన నిలబెట్టుకోలేను. కానీ అది చెప్పేదేమిటి? అప్పు అవసరమనీ, దాన్ని ఒక్కసారిగా తెంచేస్తే నొప్పి పుడుతుందనీ. పగ్గం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను అది కొట్టెయ్యదు, ఇంకా పదును పెడుతుంది. తమ అప్పుల వ్యవస్థ తీరును మార్చే ఓటు ఆ ఆడవాళ్లకు ఉండి ఉంటే, దాన్ని ఒకే వేటుతో ఆపాల్సిన గతి ప్రభుత్వానికి పట్టేది కాదు. లోపలి నుంచి సరిదిద్దుకునే దారి లేని చోటనే బయటి నుంచి గొడ్డలి పడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కొత్త కల్పన ఒక్క మనిషి బుర్రలో, ఒక్క మనిషి మొండితనంలో పుడుతుంది, సంఘం మీటింగుల్లో పుట్టదు అంటారు. దీనికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి ఆసు పోసేది. ఒక్క చీరకు కొయ్యల చుట్టూ దారాన్ని అటూ ఇటూ సుమారు 9,000 సార్లు తిప్పాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే చెయ్యి 18,000 సార్లు ఆడాలి, భుజం పడిపోతుంది. పెద్ద చదువు లేని మల్లేశం ఏళ్ల తరబడి పాటుపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇది ఒక్క మనిషి ఘనతే, సందేహం లేదు. కానీ ఏ ప్రయోగశాలకూ తట్టని ఆలోచన ఆయనకు ఎందుకు తట్టింది? ఆ భుజం నొప్పి ఆ ఇంటిది కాబట్టి. నేను పగ్గం అంటున్నదానికి ఇది మరో రూపం. సమస్యను నిర్వచించే హక్కు దాన్ని మోసేవారిది కావడం. అదే సమయంలో యంత్రం హద్దు కూడా చూడాలి. అది ఆడవాళ్ల భుజాన్ని కాపాడింది. మిగిలిన గంటలకు కూలి ఎంత గిట్టుతుందో మాత్రం నూలు ధర, మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరీ, ఆ చీరల పోచంపల్లి డిజైన్‌ను మిల్లు బట్ట మీద అచ్చేసి అమ్మే బజారు తేలుస్తాయి. పనిముట్టు ఇంటిలోంచి పుట్టినా బేరం ఇంటి చేతిలో లేకపోతే మేలు సగంలోనే ఆగుతుంది.

మూడో అభ్యంతరం: అందరూ యజమానులు కాలేరు. రోడ్డు మీద పడి ఉన్న క్షతగాత్రుడు ఏ సంఘంలో సభ్యుడు? శుక్లాలతో చూపు పోయిన ముసలమ్మ ఏ ఓటు వేస్తుంది? ఈ ప్రశ్న న్యాయమైనదే. నా వాదనను అది విస్తరించుకోమంటోంది. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అక్కడ డబ్బు కట్టేవారి రాబడితో డబ్బు లేనివారికి ఆపరేషన్లు జరుగుతాయి. డబ్బు కట్టేవారినీ కట్టలేనివారినీ అవే చేతులు వంతులవారీగా చూస్తాయి. పని నాసిరకమైతే డబ్బున్న రోగి వేరే చోటికి వెళ్లిపోతాడు, సంస్థ రాబడి పడిపోతుంది. అంటే పేదవాడి చేతిలో లేని పగ్గాన్ని డబ్బున్నవాడి పగ్గానికి ముడివేశారు. 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ కూడా డబ్బు ఉన్నా లేకున్నా ఒకే నాణ్యత అన్న నియమం మీదే పెరిగింది. 108 అంబులెన్సు సంగతి చూడండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఒక పారిశ్రామికవేత్త దాతృత్వంతో అది మొదలైంది. 2009 జనవరిలో ఆ దాత కంపెనీ సత్యం కుంభకోణంలో కూలిపోయింది. అంబులెన్సులు ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో అధిక భాగాన్ని ప్రభుత్వం తలకెత్తుకుంది, 108 జనం హక్కుగా మారింది, ఆపితే ఓటరు అడుగుతాడు. దాత మంచితనం మీద నిలిచి ఉంటే ఆ సేవ దాతతోనే పోయేది.

నాలుగో అభ్యంతరం మన ప్రాంతం వాళ్లకు నోటి చివరనే ఉంటుంది. సహకార సంఘాలంటే రాజకీయ నాయకుల అడ్డాలు కదా? చాలాచోట్ల అవును. ప్రభుత్వం వాటా పెట్టి, అధికారిని నియమించి, ఎన్నికలు వాయిదా వేసి నడిపిన సంఘాల్లో సభ్యుడి చేతిలో రసీదు తప్ప ఏమీ మిగల్లేదు. అంటే పగ్గం అక్కడా చేతులు మారింది, ఈసారి మదుపరి చేతికి బదులు మంత్రి చేతికి. ఈ జబ్బుకు మందు కూడా ఇక్కడే పుట్టింది. 1995లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ వాటానూ, ప్రభుత్వ పెత్తనాన్నీ పక్కన పెట్టింది. ఇతర రాష్ట్రాలు దాని బాటలో నడిచాయి. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956 నుంచి నడుస్తున్న సహకార గ్రామీణ బ్యాంకు పక్కనే, ఈ చట్టం కింద 2002లో పాల డెయిరీ ఒకటి వెలిసింది. దాని సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమంతా ఆడవాళ్లే. ఆణంద్ నమూనాలో ఒక పెద్ద లోటుండేది. గేదెకు మేత వేసేది, పేడ తీసేది, పాలు పితికేది ఆడవాళ్లు, సంఘం పుస్తకంలో పేరు మాత్రం ఎక్కువగా మగవాళ్లది. ముల్కనూరు ఆ లోటును సరిదిద్దింది. అయితే చట్టం దానంతటదే కాపలా కాయదు. అదే చట్టం కింద చేరిన కొన్ని డెయిరీలు తర్వాత కంపెనీలుగా మారిన తీరు మీద వివాదాలు ఇంకా చల్లారలేదు. పగ్గం ఒకసారి చేతికిస్తే శాశ్వతంగా ఉండేది కాదు, రోజూ పట్టుకుని ఉండాల్సిందే.

ఇప్పుడు ఈ రంగంలోకి డబ్బు ఇంతకుముందెన్నడూ లేనంతగా వస్తోంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చుపెట్టాలి. 2022లో సెబీ నియమాలతో స్టాక్ ఎక్స్ఛేంజీల్లో సామాజిక సంస్థల ప్రత్యేక విభాగానికి దారి పడింది. హైదరాబాద్‌లో టీ-హబ్, వీ-హబ్ వంటి వేదికలున్నాయి. వీటన్నిటినీ నేను స్వాగతిస్తాను. కానీ వీటి దరఖాస్తుల్లో అడిగే ప్రశ్నలు ఎంతమందికి చేరారు, ఎంత త్వరగా పెరుగుతారు, ఖర్చు ఎంత తగ్గిస్తారు అన్నవే. ఇంకో మూడు ప్రశ్నలు కలపాలని నా మనవి. ఈ పని బాగులేదని చెప్పడానికి దాని వాడకందారుకు ఉన్న దారి ఏది? చెబితే సంస్థ నడక మారి తీరాలన్న కట్టుబాటు ఎక్కడ రాసి ఉంది? స్థాపకుడు రేపు వెళ్లిపోతే, పెట్టుబడిదారు వాటా అమ్ముకుంటే, ఆ కట్టుబాటు నిలుస్తుందా? 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేరు కొన్నవాళ్లు ఈ ప్రశ్నలు అడిగి ఉంటే అక్టోబరు ఆర్డినెన్స్ వాళ్లకు ఆశ్చర్యం కలిగించేది కాదు. ఇలా అడుగుతూ పోతే వేగం తగ్గుతుందని అనొచ్చు. తగ్గుతుంది. 250 లీటర్ల నుంచి ఈనాటి స్థాయికి రావడానికి ఖేడాలో పుట్టిన అమూల్‌కు దశాబ్దాలు పట్టింది. వేగంగా పెరిగిన సూక్ష్మ రుణ కంపెనీల వసూళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కొద్ది నెలల్లోనే ఆవిరయ్యాయి. ఏది నిజమైన వేగమో ఆ లెక్కే చెబుతుంది.

చివరగా కురియన్ దగ్గరికే తిరిగి వస్తాను. జాతీయ పాడి అభివృద్ధి సంస్థకు 33 ఏళ్లు అధ్యక్షత వహించిన మనిషి ఆయన. ఒక్క మనిషి అంతకాలం పెత్తనం చేయడం నేను ఇప్పటిదాకా చెప్పినదానికి విరుద్ధం కాదా అని మీరడగొచ్చు. 2006లో గుజరాత్ సహకార పాల సమాఖ్యలోని జిల్లా యూనియన్ల ప్రతినిధులు ఆయనకు ఎదురుతిరిగారు. తాను నిలబెట్టిన సమాఖ్య అధ్యక్ష పదవికి ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. అందులో రాజకీయం ఉంది, ఆయన్ని అభిమానించేవారికి అది ఇప్పటికీ బాధే. కానీ గమనించండి: సమాఖ్య ఆగలేదు, పాలకేంద్రాల ముందు బారులు ఆగలేదు, 2023-24 నాటికి దాని టర్నోవరు 59 వేల కోట్లు దాటింది. అంతటి మనిషిని కూడా దింపగలిగిన సంస్థ, ఆయన దిగిపోయాక కూడా తడబడని సంస్థ మన దేశంలో ఎన్ని ఉన్నాయి? జీతగాడినని చెప్పుకున్న మనిషికి యజమానులు సెలవిచ్చారు. ఆ మాట ఆయన ఊరికే అనలేదని రుజువు చేసింది ఆ రోజే. ఆయనకు అది చేదుగా ఉండి ఉంటుంది. ఆయన కట్టిన ఇంటికి మాత్రం అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు.